మహానాడుకు మండలం నుంచి 40 మందిని తీసుకెళ్లడం: పోయి వచ్చినవాడి మాట

మహానాడు అంటే తెలుగుదేశం పార్టీ ఏటా జరుపుకునే పెద్ద సభ. దాని గురించి శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "వచ్చే మహానాడుకు మా మండలం నుంచి 40 మందిని తీసుకెళ్లే బాధ్యత నాకు అప్పగించారు. అందులో ఆరుగురం ప్రతినిధులం. మిగతా 34 మంది చివరి రోజు సభకు వస్తామంటున్నారు, వాళ్లలో ఆడవాళ్లు 14 మంది. నేను ఇప్పటిదాకా ఒక్క మహానాడుకూ వెళ్లలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

హైదరాబాద్ పక్కన గండిపేటలో మహానాడు జరిగిన రోజుల నుంచి నేను వెళ్తున్నాను. కొన్నిసార్లు జెండా పట్టుకుని, కొన్నిసార్లు ప్రతినిధిగా. ఎక్కువసార్లు మాత్రం బస్సు మెట్ల మీద నిలబడి తలలు లెక్కపెట్టేవాడిగానే వెళ్లాను. ఆ చివరి పని తెలిసినవాడిగా చెబుతున్నాను.

మొదట ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మహానాడు పేరుకు ఒకటే గానీ, నిజానికి రెండు వేర్వేరు కార్యక్రమాలు. ఒకటి ప్రతినిధుల సభ. పాసు ఉన్నవాళ్లు షెడ్డు కింద కుర్చీల్లో కూర్చుని తీర్మానాలు వినేది, చర్చించేది. రెండోది బహిరంగ సభ. లక్షల మంది వచ్చి, సాయంత్రం అధ్యక్షుడి ప్రసంగం విని వెళ్లిపోయేది. 2022లో ఒంగోలులో, 2023లో రాజమహేంద్రవరంలో తొలిరోజు ప్రతినిధులది, మరుసటి రోజు బహిరంగ సభ. 2025లో కడపలో మూడు రోజులు పెట్టారు కాబట్టి మొదటి రెండు రోజులు ప్రతినిధులకు, మూడో రోజు అందరికీ. మన మండల నాయకులు చేసే తప్పుల్లో సగం ఈ రెంటినీ ఒకే ప్రయాణంగా లెక్కేయడం వల్ల వస్తాయి. ఆరుగురి కోసం 34 మందిని రెండు రోజుల ముందే తీసుకెళ్లి కల్యాణ మండపంలో పడేస్తారు. లేదంటే 34 మందితో పాటే వెళ్దామని ఆరుగురూ ఆగిపోయి, తీర్మానాలన్నీ అయిపోయాక చేరతారు. మీరు ఆరుగురూ రైల్లో ముందు వెళ్లండి. మిగతావాళ్లు బస్సులో, చివరి రోజుకు అందేలా రావాలి. బస్సుకు మీరు కాకుండా వేరే బాధ్యుడు ఉండాలి. అతన్ని ఇప్పుడే తేల్చుకోండి, బయల్దేరే రోజు కాదు.

తేదీల గురించి అయోమయం అక్కర్లేదు. మే 28 ఎన్టీఆర్ పుట్టినరోజు, దాని చుట్టూనే మహానాడు. 1982 మార్చి 29న పార్టీ పుట్టింది, రెండు నెలలు తిరగకుండానే తిరుపతిలో మొదటి మహానాడు జరిగింది. ఆ మరుసటి ఏడు విజయవాడలో జరిగినదానికి దేశంలోని ప్రతిపక్ష నేతలు చాలామంది వచ్చారు, కశ్మీర్ నుంచి ఫరూక్ అబ్దుల్లాతో సహా. మీ మండలంలో ఆ విజయవాడ మహానాడు చూసిన పెద్దాయన ఎవరైనా ఉంటే బస్సులో కిటికీ సీటు ఇచ్చి కూర్చోబెట్టండి, దారంతా కాలక్షేపం. జరగని ఏళ్లూ ఉన్నాయి. 2024లో ఓట్ల లెక్కింపు జూన్ 4న పడింది, ఆ ఏడు మహానాడు పెట్టలేదు. 2020లో, 2021లో కరోనా వల్ల జూమ్‌లో జరిపారు. బస్సు లేదు, నీళ్ల డబ్బా లేదు, తప్పిపోయిన మనిషి లేడు. నా జీవితంలో బస్సు ఎక్కకుండా చూసిన మహానాడులు ఆ రెండే. అయినా ఏం బాగుంది చెప్పండి!

తేదీ ముందే తెలుస్తుంది, ఊరు మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. చిక్కంతా అక్కడే. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. మే నెలాఖరంటే బడులకు సెలవులు, తిరుమల రద్దీ, పైగా పెళ్లిళ్లు. వేదిక ప్రకటించిన రోజు సాయంత్రమే టికెట్లు చూడకపోతే వెయిటింగ్ లిస్టే గతి. ఒక టికెట్టు మీద ఆరుగురికి బుక్ చేయొచ్చు, మీ లెక్కకు సరిపోయింది. కడప మహానాడుకు విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది తిరుమల ఎక్స్‌ప్రెస్ నమ్ముకున్నారు. అది నేరుగా కడప దాకా వెళ్తుంది కాబట్టి. తిరుగు టికెట్ కూడా అప్పుడే తీసుకోండి. "వచ్చేటప్పుడు ఎవరో ఒకరి కారులో వచ్చేస్తాంలే" అన్నవాళ్లు స్టేషన్ బల్లల మీద పడుకోవడం నేను చూశాను.

బస్సు దగ్గరికి వద్దాం. మే నెలలో ఒక సౌకర్యం ఉంది. స్కూలు, కాలేజీ బస్సులు ఖాళీగా ఉంటాయి. దగ్గరి ఊరైతే అవి చాలు. కానీ శ్రీకాకుళం నుంచి కడపంత దూరమైతే, అంటే 800 కిలోమీటర్ల దాకా, స్కూలు బస్సు సీట్లలో మోకాళ్లు పట్టక పెద్దవాళ్లు నానా అవస్థ పడతారు. ఆర్టీసీ అద్దె బస్సో, వెనక్కి వాలే సీట్లున్న ప్రైవేటు బస్సో మాట్లాడండి. నోటిమాట మీద వదలకండి. ఒకసారి మాకు బస్సు ఇస్తానన్న యజమాని ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, పెళ్లి బేరం ఎక్కువ డబ్బుకు వచ్చిందని చల్లగా చెప్పాడు. ఆ రాత్రి మూడు ఊళ్లు తిరిగి రెండు మినీ లారీలు పట్టాం. జనాన్ని లారీలో తీసుకెళ్లడం తప్పని తెలుసు, ప్రమాదమని కూడా తెలుసు. ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. మీరు కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్సు ఎంత, డీజిల్ ఎవరిది, డ్రైవర్ బత్తా ఎంత, టోల్ ఎవరు కట్టాలి, ఆగి ఉన్న గంటలకు ఏమైనా వసూలు చేస్తారా, అన్నీ అందులో ఉండాలి.

డ్రైవర్లు ఇద్దరు ఉండాలి. దీని మీద బేరం పెట్టొద్దు. సభ ముగిసేది రాత్రి, అందరూ ఒకేసారి బయటపడతారు, ఆ జామ్‌లోంచి హైవే ఎక్కేసరికే అర్ధరాత్రి. పగలంతా ఎండలో పార్కింగులో కూర్చున్న డ్రైవరుకు తెల్లవారుజామున రెండు, నాలుగు మధ్య కళ్లు మూతలు పడతాయి. వచ్చిన రోజు పగలు వాళ్లిద్దరికీ ఫ్యాను కింద నిద్ర ఉండేలా చూడండి. నాయకుడికి లాడ్జి గది దొరక్కపోయినా ఫర్వాలేదు, డ్రైవరుకు దొరకాలి.

బస చూసుకునేటప్పుడు వేదిక ఉన్న ఊళ్లో వెతకొద్దు. అక్కడి లాడ్జీలన్నీ ఎమ్మెల్యేలకూ వాళ్ల అనుచరులకూ ఎప్పుడో అయిపోతాయి. వేదిక కన్నా గంట ముందు వచ్చే ఊళ్లో చూసుకోండి. ఒంగోలుకైతే చీరాల, రాజమహేంద్రవరానికైతే కాకినాడ, కడపకైతే రాజంపేటో ప్రొద్దుటూరో, అలా. మీ బస్సు ముందురోజు మధ్యాహ్నం బయల్దేరితే సభ రోజు పొద్దున చేరుతుంది. అక్కడ ఒక కల్యాణ మండపం పూట మటుకు తీసుకుంటే స్నానాలు, టిఫిను, రెండు గంటల నడుం వాల్పు అయిపోతాయి. రాత్రంతా బస్సులో కూర్చున్న మనిషిని నేరుగా తీసుకెళ్లి ఎండలో నిలబెడితే సాయంత్రం ప్రసంగం మొదలయ్యేసరికి సగం మంది నేల మీద పడుకుని ఉంటారు.

ఎండ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు పెద్దలు. మహానాడు సరిగ్గా రోహిణి కార్తెలోనే వస్తుంది. మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు లెక్కేసుకోండి. 34 మందికీ ఇద్దరు డ్రైవర్లకూ కలిపి 180 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు తొమ్మిది. ప్రాంగణంలో మజ్జిగ, నీళ్లు ఇస్తారు, నిజమే. కానీ బస్సు ఆపే చోటికీ ప్రాంగణానికీ మధ్య రెండు మూడు కిలోమీటర్ల నడక ఉండొచ్చు, ఎండదెబ్బ తగిలేది ఆ నడకలోనే. ప్రతి ఒక్కరి చేతిలో ఒక లీటరు సీసా, జేబులో ఓఆర్ఎస్ ప్యాకెట్, తల మీద తడి తువ్వాలు ఉండాలి. పసుపు కండువా మెడలో అందంగా ఉంటుంది గానీ ఎండకు ఆగదు. బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ల జాబితా ముందే రాసుకోండి. మాత్రలు ఇంట్లో మర్చిపోయి రావడం మన పెద్దవాళ్లకు అలవాటు. బస్సు ఎక్కేటప్పుడే "చూపించండి" అని అడగాలి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఎండ కాచిన రోజునే సాయంత్రం గాలివాన కూడా రావచ్చు. మే చివర్లో ఉరుములతో వచ్చే వాన పది నిమిషాల్లో ఫ్లెక్సీలను పడగొడుతుంది. గాలి లేవగానే మీవాళ్లు ఫ్లెక్సీ ఫ్రేముల కిందా, లైటు టవర్ల కిందా, చెట్ల కిందా ఉండకూడదు. వేదిక వేసేది ఎక్కువగా కోత అయిపోయిన పొలాల్లో. ఒంగోలులో మండువవారిపాలెం దగ్గర వేసింది అలాంటి చోటే. వేసవిలో పొలం ఖాళీగా ఉంటుంది, రైతులు ఒప్పుకుంటారు, చదును చేయడం తేలిక. కానీ నల్లరేగడి నేల అయితే ఒక్క జల్లు చాలు, చెప్పులు అతుక్కుపోతాయి, బస్సు చక్రాలు దిగబడతాయి. మబ్బు కనిపిస్తే బస్సును పొలంలోకి దింపొద్దు, రోడ్డు అంచునే పెట్టించమని డ్రైవరుకు చెప్పండి. కొంచెం ఎక్కువ నడవాల్సి వస్తుంది, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ట్రాక్టరుతో లాగించుకునే బాధ తప్పుతుంది.

ఆడవాళ్ల విషయం మగ నాయకులు తేలిగ్గా వదిలేస్తారు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. ప్రాంగణంలో మరుగుదొడ్లు ఉంటాయి. మధ్యాహ్నం దాటాక వాటిలో నీళ్లు ఉంటాయన్న భరోసా లేదు. దానికి భయపడి మన ఆడవాళ్లు చేసే పని, పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండడం. కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో వాళ్లే ఎక్కువ ఉండడానికి కారణం అదే. అందుకే 14 మందిలో ఒకావిడను బాధ్యురాలిగా పెట్టండి. మండల మహిళా నాయకురాలే కానక్కర్లేదు, డ్వాక్రా సంఘం నడిపిన అనుభవం ఉన్నావిడైతే ఇంకా మేలు. బస్సు ఎక్కడ ఆగాలో, ఎన్ని గంటలకోసారి ఆగాలో ఆవిడే చెప్పాలి, డ్రైవరు ఆవిడ మాట వినాలి. పెట్రోలు బంకులో టాయిలెట్ బాగుందో లేదో ముందు ఆవిడ దిగి చూసి, తర్వాత మిగతావాళ్లు దిగడం మాకు బాగా కుదిరింది.

ఇక మనుషులు తప్పిపోవడం. ఒక ఏడాది మా పెద్దయ్య ఒకాయన సభ మధ్యలో చెట్టు కింద నిద్రపోయాడు. లేచేసరికి జనం కదులుతున్నారు, చీకటి పడింది, ఎదురుగా పసుపు ఫ్లెక్సీ కట్టిన బస్సు కనిపించింది, ఎక్కి కూర్చున్నాడు. అందరూ మనవాళ్లే కదా అనుకున్నాడు. ఆ బస్సు రాయలసీమది, మేము కోస్తావాళ్లం. వాళ్లు ఆయనకు భోజనం పెట్టి, మర్నాడు రైలెక్కించి పంపారు. మా ఊళ్లో మాత్రం ఆ రాత్రి ఆయన కొడుకు నా ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఒక్కరి జేబులో ఒక చీటీ పెడుతున్నాను. మండలం పేరు, బస్సు నంబరు, పార్కింగ్ ఎక్కడ, రెండు ఫోన్ నంబర్లు అందులో ఉంటాయి. ఫోన్లో పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. అంతమంది ఒకచోట చేరితే సిగ్నల్ చచ్చిపోతుంది, వాట్సాప్ లొకేషన్ వెళ్లదు, సాయంత్రానికి ఛార్జింగూ ఉండదు. ఫోన్ లేకుండా పనిచేసే ఏర్పాటు కావాలి. "ప్రసంగం అయిన గంటలోగా ఫలానా నీళ్ల ట్యాంకు దగ్గర" అని దిగేటప్పుడే అందరికీ ఆ ట్యాంకు చూపించండి. జట్లు కట్టండి, ఐదారుగురికి ఒకరు పెద్ద. మీరు 34 మందిని లెక్కపెట్టనక్కర్లేదు, ఆరుగురు పెద్దలను అడిగితే చాలు.

అన్నట్టు, జేబుదొంగలు కూడా పసుపు కండువా వేసుకునే వస్తారు. మెడలో గొలుసులు ఇంట్లో పెట్టి రమ్మనండి.

తోపులాట గురించి ఒక్క మాట. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. అది మహానాడు కాదు, ఇరుకు వీధి. అయినా అది విన్నాక నేను ఒక నియమం పెట్టుకున్నాను. వేదిక ముందు బారికేడ్ దగ్గరికి మావాళ్లను వెళ్లనివ్వను. ఎల్ఈడీ తెర కనిపించే చోటు, ఒక పక్కన బయటికి దారి ఉన్న చోటు చూసి కూర్చోబెడతాను. నాయకుడు వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ లేచి పరుగెత్తొద్దని ముందే చెబుతాను. కుర్రాళ్లు వినరు. వాళ్లను జట్టు పెద్దలుగా పెడితే వింటారు.

ఇప్పుడు మీ ఆరుగురి పని. ప్రతినిధిగా వెళ్లడం అంటే ముందు వరుసలో కూర్చుని ఫొటో దిగడం అనుకుంటారు చాలామంది. అసలు పని మహానాడుకు వారం పది రోజుల ముందే నియోజకవర్గ మినీ మహానాడులో మొదలవుతుంది. మీ ఊరి వంశధార కాలువ గట్టు సంగతో, జీడిపప్పు ధర సంగతో పైకి పోవాలంటే అక్కడే తీర్మానంగా రాయించాలి. అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పైకి. పెద్ద మహానాడులో ఏ తీర్మానాలు పెట్టాలో, ఎవరు ప్రతిపాదించాలో, ఎవరు బలపరచాలో ముందే ఖరారై ఉంటుంది. అక్కడికెళ్లి చీటీ పంపితే ఎవరి చేతికి చేరుతుందో చెప్పలేం. మినీ మహానాడును "మినీ" అని తేలిగ్గా తీసుకోకండి. మీలాంటివాడి మాట పలికే చోటు అదే.

ప్రాంగణంలో నమోదు కౌంటర్లు నియోజకవర్గాల వారీగా ఉంటాయి. మొదటి రోజు పొద్దున ఎనిమిది లోపు వెళ్తే ప్రశాంతంగా అయిపోతుంది. పదింటికి వెళ్తే వరుస, పదకొండింటికి వెళ్తే తోపులాట. పాసు మీద పేరు సరిగ్గా ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. తర్వాత ఫొటో ప్రదర్శన, రక్తదాన శిబిరం, జెండా, ఎన్టీఆర్‌కు నివాళి, చనిపోయిన కార్యకర్తలకు సంతాప తీర్మానం, పార్టీ జమాఖర్చులు, అధ్యక్షుడి తొలి ప్రసంగం వరసగా నడుస్తాయి. జమాఖర్చులు చదివేటప్పుడు జనం టీకి లేస్తారు, నేనూ లేచేవాణ్ని. ఒక పెద్దాయన ఆపి, "ఊళ్లో వంద రూపాయల సభ్యత్వం వసూలు చేసింది నువ్వు, ఆ వంద ఎక్కడికి పోయిందో వినవా?" అని అడిగాడు. అప్పటి నుంచి కూర్చుంటున్నాను. భోజనానికి పన్నెండుంపావుకో, రెండున్నర తర్వాతో వెళ్లండి. మధ్యలో వెళ్తే గంట వరుసలోనే.

అధ్యక్ష ఎన్నిక ఉన్న ఏడాది అయితే ఆ ఘట్టం దగ్గర ఉండండి. కడపలో మే 28న చంద్రబాబును మళ్లీ జాతీయ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఫలితం ముందే తెలిసిందే కదా అనొచ్చు. నిజమే, ఏకగ్రీవం. కానీ నామినేషన్ ఎవరు వేశారు, ఎవరు బలపరిచారు, ప్రకటన ఎలా చేశారు అన్నది చూస్తే పార్టీలో ఎవరి స్థానం ఎక్కడుందో మీకు తెలుస్తుంది. దాన్ని పేపర్లో చదివి తెలుసుకోలేరు.

మీకు మాట్లాడే అవకాశం వస్తే (మొదటిసారికి రాదు, అయినా చెబుతున్నాను) ఇచ్చేది మూడు నుంచి ఐదు నిమిషాలు. వేదిక మీద ఉన్నవాళ్ల పేర్లు చదవడానికే మూడు నిమిషాలు పోయిన ఉపన్యాసాలు ఎన్ని విన్నానో లెక్కలేదు. గంట కొట్టేసరికి వాళ్లింకా "పూజ్యులు, పెద్దలు" దగ్గరే ఉంటారు. "అధ్యక్షా, అందరికీ నమస్కారం" అని నేరుగా మీ ఊరి సంగతిలోకి వెళ్లండి. ఒక అంకె, ఒక ఊరి పేరు, ఒక కోరిక. చాలు.

ఖర్చుకు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు ఎంత ఇచ్చారు, దేనికి ఖర్చయింది, బిల్లు ఉందా లేదా. తిరిగొచ్చిన వారంలోపు డబ్బు ఇచ్చినవాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించండి. మిగిలింది రెండొందలైనా సరే, మిగిలిందని చెప్పండి. వచ్చే ఏడు బస్సుకు డబ్బు అడిగేటప్పుడు ఆ నోటుబుక్కే మీ తరఫున మాట్లాడుతుంది.

చివరగా, ఎవరూ ఆలోచించని సంగతి ఒకటి. తిరుగు ప్రయాణం లెక్క తప్పి మీ బస్సు ఏ అర్ధరాత్రి ఒంటిగంటకో మండల కేంద్రానికి చేరవచ్చు. బస్సు అక్కడితో ఆగిపోతుంది. ఊళ్లు ఇంకా ఆరేడు కిలోమీటర్లు ఉంటాయి, అప్పుడు ఆటోలు ఉండవు. బయల్దేరే ముందే ఇద్దరు ముగ్గురు ఆటోవాళ్లతో మాట్లాడి పెట్టుకోండి, దారిలో ఫోన్ చేసి టైము చెప్పండి. ఆడవాళ్లు దిగే ఊళ్లు ముందు, మగవాళ్లవి తర్వాత. చివరి మనిషి ఇల్లు చేరి ఫోన్ చేశాకే మీరు చెప్పులు విప్పాలి. ఊరు ప్రకటించాక బస్సు కొటేషన్ వస్తే ఇక్కడే రాయండి, డీజిల్ లెక్క సరిగా వేశారో లేదో చూసి చెబుతాను.